పాత ఇనుము వాళ్లకు కబురు పెట్టే ముందు ఒక్క వారం: సింగిల్ స్క్రీన్ యజమానులకు, లైసెన్సింగ్ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చిన్న పట్టణాల్లో సినిమా హాళ్లు నడిపిన, నడుపుతున్న యజమానులకు, వారి వారసులకు, జిల్లాల్లో హాళ్ల లైసెన్సులు చూసే అధికారులకు, రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలకు

నమస్కారం.

హాలు మూయొద్దని బతిమాలడానికి ఈ లేఖ రాయడం లేదు. ఎనిమిది వందల సీట్ల హాల్లో ఆటకు పాతిక మంది కూర్చుంటే కరెంటు బిల్లు కూడా రాదని మాకు తెలుసు. ఆ స్థలం కల్యాణమండపం అవుతుందో, గోదాము అవుతుందో, షాపింగ్ కాంప్లెక్సు అవుతుందో అది మీ ఇష్టం. మేం అడిగేది ఒక్కటే. పాత ఇనుము కొనేవాళ్లకు కబురు పెట్టే ముందు ఒక్క వారం ఆగండి. ఆ వారంలో ఏమేం బయటికి తీయాలి, ఎలా తీయాలి, ఎక్కడ ప్రమాదం ఉంది అన్నవి కేబిన్లలో, అంటే ప్రొజెక్టర్ గదుల్లో, బుకింగ్ గదుల్లో, డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం కలిసి రాస్తున్నాం.

తెలుగు సినిమా ప్రదర్శన చరిత్ర అనగానే మద్రాసులో రఘుపతి వెంకయ్య 1914లో పెట్టిన గెయిటీ, విజయవాడలో 1921 నాటి మారుతీ టాకీసు గుర్తొస్తాయి. అక్కణ్ణుంచి కథ ఒక్క గెంతున మల్టీప్లెక్సుల దగ్గరికి వచ్చేస్తుంది. మధ్యలో డేరా వేసిన టూరింగ్ టాకీసులు, రేకుల షెడ్డులో నడిచిన సెమీ పర్మనెంటు హాళ్లు, తర్వాత పక్కా భవనాలు, వందలాది ఊళ్లలో సాయంత్రాలను నడిపించిన ఆ హాళ్ల గురించి రాసిపెట్టింది చాలా తక్కువ. ఉన్న ఆధారం మీ దగ్గరే ఉంది. అది బయట కనిపించే భవనంలో కాదు, ఆఫీసు గది బీరువాలోనూ పైనున్న కేబిన్‌లోనూ ఉంది.

ముందు బీరువా తెరవండి. డీసీఆర్‌లు, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టులు, కట్టలుగా ఉంటాయి. ఒక కాగితం తీసి చూడండి. పైన తేదీ, సినిమా పేరు, ఎన్నో రోజు, ఏ ఆట. కింద నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు. ఒక్కో తరగతికీ మొదటి టికెట్ నంబరు, ఆఖరి టికెట్ నంబరు, తెగినవెన్ని, రేటెంత, గ్రాసెంత, పన్నెంత, నెట్టెంత. అడుగున మేనేజరు సంతకం, దాని పక్కన డిస్ట్రిబ్యూటరు పంపిన రిప్రజెంటేటివ్ సంతకం. ఒకరిది హాలు ప్రయోజనం, ఇంకొకరిది సినిమా ప్రయోజనం. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆ అంకె కాగితం మీదికి ఎక్కింది. అందుకే పేపరు ప్రకటనలో వేసిన వంద రోజుల పోస్టరు కంటే డీసీఆర్‌ను ఎక్కువ నమ్మొచ్చు. చింపాల్సిన టికెట్లను చింపకుండా మళ్లీ కౌంటరుకు పంపిన చోట్లు లేకపోలేదు. ఆ అనుమానం తేలాలన్నా టికెట్ నంబర్ల వరుసే కావాలి.

ఏడాది డీసీఆర్‌లు వరుసగా పెట్టి చూస్తే ఊరు కనిపిస్తుంది. కోతల రోజుల్లో సెకండ్ షో ఎంత పడిపోయింది, సంక్రాంతికి ఎన్ని ఆటలు ఎక్కువ వేశారు, పక్క ఊరి జాతర నాడు మ్యాట్నీ ఎలా ఉంది, నేల టికెట్ ఏ నెలలో ఎత్తేశారు, బాల్కనీలో కొత్త తరగతి ఎప్పుడు పుట్టింది అన్నీ తెలుస్తాయి. పరిశోధకులకు ఒక హెచ్చరిక. 1984 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వినోదపు పన్ను లెక్క మారింది. అంతకు ముందు తెగిన టికెట్ మీద పన్ను. ఆ తర్వాత హాలు నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తం మీద, హాలు ఏసీదా, ఎయిర్ కూల్డా, మామూలుదా, పర్మనెంటా, సెమీ పర్మనెంటా, టూరింగా, ఊరిది ఏ స్థాయి స్థానిక సంస్థ అన్నదాన్ని బట్టి లెక్క కట్టారు. సీట్ల సంఖ్యే పన్నుకు మూలమైంది. కాబట్టి 1984కు అటూ ఇటూ ఉన్న కాగితాలను ఒకే గాటన కట్టి పోల్చకూడదు. 2017 జూలై 1 నుంచి ఆ పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. ఆ రోజుతో పాత పద్ధతి కాగితాల వరుస ముగిసినట్టే.

డీసీఆర్‌లో మూలప్రతి డిస్ట్రిబ్యూటరుకు పోతుంది. హాల్లో మిగిలేది సాధారణంగా కార్బన్ కాపీ, పల్చటి కాగితం. దీన్ని పాడుచేసేది చెదల కంటే ముందు మన జాగ్రత్తలే. లామినేషన్ చేయించకండి. వేడికి కాగితం లోపల ఉడుకుతుంది, తర్వాత విడదీయడం కుదరదు. చిరిగినచోట సెల్లో టేపు వేయకండి. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. తుప్పు పట్టిన గుండుసూదిని లాగితే కాగితం ఊడొస్తుంది, అందుకని పలచటి ప్లాస్టిక్ ముక్క కిందికి తోసి మెల్లిగా పైకి లేపాలి. తడిసిన కట్టలను ఎండలో పరవకూడదు. నీడలో, ఫ్యాను కింద, పది పదిహేను కాగితాల చొప్పున ఆరబెట్టాలి. కలరా ఉండలు, పురుగుమందు కాగితాల మధ్య వేయొద్దు.

ఫోటోలు తీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కిటికీ వెలుగులో బల్ల మీద కాగితం పరచి, ఫోను సరిగ్గా పైనుంచి పట్టుకుని, ఫ్లాష్ ఆపి, ఒక ఫోటోకు ఒక్క పేజీ. ప్రతి పుస్తకానికీ మొదట అట్ట, చివర వెనక అట్ట. ఖాళీ పేజీ కూడా తీయాలి. లేకపోతే మధ్యలో పేజీ చిరిగిపోయిందా, ఆ రోజు ఆట పడలేదా అన్నది తెలియదు. ఫైలు పేరులో ఊరు, హాలు, సంవత్సరం, పుస్తకం నంబరు, పేజీ నంబరు ఉండాలి. రెండు ప్రతులు రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. ఫోటో తీశాం కదా అని అసలు కాగితాలను తూకానికి వేయకండి. సిరా రంగు, రబ్బరు ముద్ర, వెనకవైపు పెన్సిలు లెక్కలు ఫోటోలో సగమే దక్కుతాయి.

డీసీఆర్‌లతోపాటు బుకింగ్ రిజిస్టరు, సినిమా బాక్సులు వచ్చిన పోయిన రశీదులు, మిగిలిన టికెట్ పుస్తకాలు, ప్రొజెక్టర్ కొన్న బిల్లులు, సైకిల్ స్టాండు, క్యాంటీన్ వేలం కాగితాలు కూడా తీయండి. చాలామంది వీటిని చెత్త అనుకుంటారు. బాక్సు రశీదును బట్టి ఒక ప్రింటు ఏ ఊరినుంచి ఏ ఊరికి వెళ్లింది, విడుదలైన ఎన్ని నెలలకు మీ ఊరు చేరింది అన్నది తేలుతుంది. సీ సెంటర్ అంటే, కొత్త సినిమా ఆలస్యంగా చేరే చిన్న ఊరు అంటే, ఏమిటో చెప్పే కాగితం అది.

ఇక కేబిన్. ఎవరు మెట్లెక్కినా కన్ను ప్రొజెక్టర్ మీదే పడుతుంది. మేం మొదట అడిగేది మాత్రం అరచేతిలో పట్టే ఒక లోహపు రేకు. అపర్చర్ ప్లేటు అంటాం. ఫిల్ము వెనక ఉండే ఈ రేకు కంతలోంచి వెళ్లిన వెలుగే తెర మీద బొమ్మ. కొత్త ప్లేటు కంత చిన్నగా వస్తుంది. హాల్లో బిగించాక తెర మీద తెల్లటి వెలుగు వేసి చూస్తూ, ఆపరేటరు ఆకురాయితో నాలుగు అంచులూ కొద్దికొద్దిగా అరగదీసి తెరకు సరిపెట్టేవాడు. కేబిన్ పైన, తెర కింద కాబట్టి వెలుగు వాలుగా పడుతుంది. బొమ్మ అడుగుభాగం వెడల్పుగా, పైభాగం ఇరుకుగా వస్తుంది. దాన్ని సరిచేయడానికి కంతను పక్కలా ఏటవాలుగా అరగదీస్తారు. ఫిల్ములో బొమ్మ తలకిందులుగా నడుస్తుంది కాబట్టి ఇరుకు చేసేది ప్లేటు పైభాగాన్ని. ఆ రేకును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే మీ హాలు కేబిన్ ఎంత ఎత్తున ఉందో ఆ వాలులోనే కనిపిస్తుంది. ఇంకే హాలుకూ ఆ ప్లేటు సరిపోదు. ఎడమ మెషీనుది, కుడి మెషీనుది కూడా వేరు వేరు. తీసిన వెంటనే దారంతో చీటీ కట్టి ఏది దేనిదో రాయండి. తుప్పు కనిపించినా గీకకండి. ఆకురాయి గీతలు పోతాయి.

ప్లేట్ల తర్వాత లెన్సులు. ప్రతి లెన్సు మీదా ఫోకల్ లెంగ్త్ చెక్కి ఉంటుంది. ప్రొజెక్టర్ గేటు, అంటే ఫిల్ము వెలుగు ముందు నిలిచే చోటు, అక్కణ్ణుంచి తెర దాకా దూరం టేపుతో కొలిచి రాసుకుంటే, భవనం పోయాక కూడా తెర కొలత లెక్కగట్టొచ్చు. కంత వెడల్పును దూరంతో హెచ్చించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే తెర వెడల్పు వస్తుంది. మామూలు బొమ్మకు కంత వెడల్పు 0.825 అంగుళాలు. కేబిన్ 80 అడుగుల దూరాన ఉండి లెన్సు 4 అంగుళాలదైతే బొమ్మ పదహారున్నర అడుగులు. స్కోప్‌కు, అంటే వెడల్పాటి తెర బొమ్మకు, కంత 0.838 అంగుళాలు, పైగా అనమార్ఫిక్ లెన్సు రెండింతలు సాగదీస్తుంది, కాబట్టి అదే హాల్లో ముప్పై మూడున్నర అడుగులు. తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క హాలూ తెర గోడను పక్కలకు పెంచుకుంది, కొన్నిచోట్ల పక్క తలుపులు మూసి మరీ. గోడ మీద పాత తెర చట్రం మేకుల గుర్తులు ఇంకా ఉంటే ఫోటో తీయండి, కొలవండి. లెన్సులో తెల్లటి దారాల్లాంటి బూజు కనిపిస్తే విప్పి తుడవడం మొదలుపెట్టొద్దు. గట్టి మూతతో డబ్బాలో, సిలికా జెల్ సంచీతో పెట్టి నిపుణులకు అప్పగించండి.

ఇప్పుడు ప్రొజెక్టర్. ఫోటోఫోన్, వెస్ట్రెక్స్, సింప్లెక్స్, సినెమెకానికా, మీది ఏదైనా కావచ్చు. పేరు, సీరియల్ నంబరు ఉన్న రేకును మొదట ఫోటో తీయండి. ఒకే యంత్రం మీద మూడు నాలుగు కాలాలు పేరుకుని ఉంటాయి. పైన పొగగొట్టం ఉంటే అది కార్బన్ ఆర్క్ నాటి, అంటే కార్బన్ కడ్డీల మధ్య మెరుపుతో వెలుగు పుట్టించిన నాటి, లాంప్ హౌస్ కావొచ్చు. లోపల కార్బన్ పట్టుకునే క్లాంపులు తీసేసి క్సెనాన్ దీపం బిగించి ఉండొచ్చు. తీసేసిన క్లాంపులు, రాగిపూత కార్బన్ల పెట్టె ఏ మూలనో దొరుకుతాయి, వెతకండి. అద్దం మీద మచ్చలు కార్బన్ రాగి చింది పడినవి, కడగొద్దు. గేటు కింద సౌండ్ హెడ్, ఫిల్ము మీది శబ్దాన్ని చదివే భాగం. అందులో చిన్న ఎక్సైటర్ దీపం, ఎదురుగా ఫోటోసెల్. పైన ఫిల్ము చుట్ట ఉండే మ్యాగజీనుకూ గేటుకూ మధ్య అదనంగా బిగించిన చిన్న పెట్టె కనిపిస్తే అది డీటీఎస్ రీడరు. శబ్దం సీడీల్లో, ఫిల్ము మీద టైమ్‌కోడ్ గీత మాత్రమే ఉన్న కాలానిది. ఆ పక్కనే డిజిటల్ ప్రొజెక్టరు. ఏ భాగం ఏ కాలానిదో తెలియాలంటే విడదీయక ముందు నాలుగు వైపులా, లోపలి తలుపులు తెరిచి, ఫిల్ము దారి మొత్తం కనిపించేలా వీడియో తీయాలి. ఆ ఊళ్లో పాత ఆపరేటరు ఉంటే ఒక పాత ముక్క ఫిల్ము ఎక్కించమనండి. లూపు ఎంత వదలాలి, ఏ రోలరు కిందినుంచి పోవాలి అన్నది చేతులు చేస్తుంటే చూడాల్సిందే.

తరలించేటప్పుడు యంత్రం పాడయ్యేది గుంజడంలో. తల భాగం, లాంప్ హౌస్, సౌండ్ హెడ్, స్టాండు వేరు వేరుగా బోల్టులు విప్పి దించాలి. గేరు పెట్టెలో నూనె ముందే వంపేయాలి, లేకపోతే పడుకోబెట్టినప్పుడు బయటికి కారుతుంది. లోపల ఫిల్మును ఫ్రేము ఫ్రేముకీ ఆపి లాగే మాల్టా శిలువ భాగాన్ని విప్పకండి. సెకనుకు 24 సార్లు ఆపి లాగే ఆ పనికి చాలా సన్నటి ఖాళీతో కూర్చిన భాగమది, ఒకసారి విప్పితే మళ్లీ అలా కూర్చడం కష్టం. చేత్తో తిప్పి తిరగకపోతే బలవంతం చేయొద్దు, పాత నూనె జిగురుగా గట్టిపడి ఉంటుంది. కొద్దిగా సన్నటి మెషీన్ నూనె వేసి రెండు రోజులు వదిలేయాలి. ఇంకో మాట, లాబీలో అలంకారానికని ఎరుపో బంగారు రంగో పూసి పెట్టకండి. మూల రంగు, ఆపరేటర్లు పెన్సిలుతో రాసుకున్న గుర్తులు, మరమ్మతు తేదీలు అన్నీ ఆ పూత కింద పోతాయి.

ప్రమాదాల సంగతి గట్టిగా చెబుతున్నాం. క్సెనాన్ దీపం చల్లగా ఉన్నా లోపలి వాయువు బయటి గాలి కంటే ఎన్నో రెట్లు పీడనంతో ఉంటుంది. చిన్న దెబ్బకు బాంబులా పేలి గాజు కళ్లలోకి దూసుకొస్తుంది. ముఖానికి కవచం, చేతులకు తోలు గ్లౌజులు లేకుండా లాంప్ హౌస్ తలుపు తీయకూడదు. పాత ఇనుము వాళ్లు సుత్తితో కొట్టేది సరిగ్గా దీన్నే. పాత రెక్టిఫయరులో పెద్ద గాజు బల్బుంటే పాదరసం ఉండొచ్చు, పగలకూడదు. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులైతే కొట్టి పగలగొట్టకుండా నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, ముక్కుకు సరైన మాస్కుతో దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కూడా జబ్బు బయటపడుతుంది. కేబిన్ కిటికీల పైన కిందికి జారే ఇనుప షట్టర్లు చూడండి. మంట పుడితే కరిగిపోయే చిన్న లింకు తెగి అవి ధడేలున పడిపోయేవి, మంట హాల్లోకి పోకుండా. ఇట్టే అంటుకునే పాతకాలపు నైట్రేట్ ఫిల్ముల కాలం పుట్టించిన నిబంధన అది. ఒక షట్టరైనా లింకుతో సహా ఉంచాలి.

అలమారల్లో, మంచాల కింద ఫిల్ము దొరికితే జాగ్రత్త. 35 మి.మీ. ఫిల్ము అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. 16 రీళ్లు, 14,400 అడుగుల సినిమా అంటే రెండు గంటల నలభై నిమిషాలు, డబ్బాలు కాకుండానే సుమారు 35 కిలోలు. పూర్తి ప్రింటు హాల్లో మిగలడం అరుదు. మిగిలేవి ట్రైలర్లు, ఊరి దుకాణాల ప్రకటనలు, గాజు స్లైడులు, ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలు, తెగిన పాటల ముక్కలు. మా దృష్టిలో ఊరి బట్టల కొట్టు స్లైడు ఒక పెద్ద సినిమా ప్రింటు కంటే ముఖ్యం, అది ఇంకెక్కడా ఉండదు. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము పట్టీ అయిన ఎసిటేట్ కుళ్లడం మొదలైనట్టు. దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి, ఆ ఆవిరి పక్క రీళ్లకు అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంచీలో మూతి కట్టేస్తే ఆవిరి లోపలే నిలిచి ఇంకా త్వరగా పాడవుతుంది. తుప్పు డబ్బా మార్చాలి, చల్లటి పొడి గదిలో అడ్డంగా పరుండబెట్టాలి. గబగబా చుట్టి చూడకూడదు. అంచున సేఫ్టీ అన్న ముద్ర లేకుండా, 1950ల తొలినాళ్లకు ముందుదని అనుమానం వస్తే అది నైట్రేట్ కావొచ్చు. అగ్గిపుల్లతో పరీక్షించే మొనగాళ్లను దగ్గరికి రానివ్వకండి, అగ్నిమాపక శాఖకు చెప్పండి. ముక్కలను స్కానింగుకు ఇచ్చేటప్పుడు బొమ్మ మొదలైన చోట కోయకండి. ఫిల్ము అంచున గీతగా ఉండే ఆప్టికల్ శబ్దం బొమ్మ కంటే సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది, కోస్తే మొదటి మాట పోతుంది.

మనుషుల దగ్గర కూడా సమాచారం ఉంది. గేట్‌కీపర్లు, బుకింగ్ గుమాస్తాలు, పోస్టర్లు అంటించినవాళ్లు, మైకు రిక్షా నడిపినవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి మీ జ్ఞాపకాలు చెప్పండి అంటే అందరూ ఒకే నాలుగు మాటలు చెబుతారు. డీసీఆర్ ముందు పెట్టి, హాల్లోనే కూర్చుని, ఆడవాళ్ల కౌంటరు ఎటువైపు, నేలకూ బెంచీకీ మధ్య గోడ ఎంత ఎత్తు, ఒకే ప్రొజెక్టరున్న రోజుల్లో రీలు మార్చేటప్పుడు ఎంతసేపు చీకటి, ఆట మొదలయ్యే ముందు ఏ రికార్డు వేసేవారు అని అడగండి. అప్పుడు మాట వస్తుంది.

లైసెన్సింగ్ అధికారులకు ఒక మనవి. ప్రతి హాలుకూ మీ ఆఫీసులో ఒక ఫైలు ఉంది. స్థలం ఎన్ఓసీ, భవనం ప్లాను, సీటింగ్ ప్లాను, ఆర్ అండ్ బీ ఇంజనీరు ధ్రువపత్రాలు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టులు, బీ ఫారం అనే ప్రదర్శన లైసెన్సు రెన్యూవల్స్. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనల కింద పుట్టిన ఈ కాగితాల్లో చాలా హాళ్ల ఒకే ఒక్క కొలతల నక్షా ఉంది. లైసెన్సు రద్దవగానే ఈ ఫైలును పదేళ్లకు ధ్వంసం చేసే డి.డిస్‌గా మూయకండి, శాశ్వతంగా ఉంచే ఆర్.డిస్‌గా మూయండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, సెక్షన్ సూపరింటెండెంటు నోట్ ఫైలులో ఒక వాక్యం చాలు.

ఆర్కైవ్స్ శాఖలకు: యజమాని ఫోన్ చేస్తే లారీ పంపగలిగే ఒక మనిషిని, పాత జిల్లాకు ఒక పొడి గదిని చూపండి. ప్రొజెక్టర్లన్నీ మీరే ఉంచుకోనక్కర్లేదు. కంపెనీకీ కాలానికీ ఒక్కోటి చాలు. డీసీఆర్‌లు, ప్లేట్లు, స్లైడులు మాత్రం ఏ హాలువైనా కాదనకండి. ఫిల్ము మీ వల్ల కాకపోతే పుణేలో 1964 నుంచి ఉన్న నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి.

యజమానులకు చివరిగా. హాలు అమ్ముతున్నా, లీజుకిస్తున్నా ఒప్పంద పత్రంలో ఈ షరతు చేర్పించండి: ‘ఆఫీసు గదిలోని రికార్డులు, కేబిన్‌లోని ప్రొజెక్టర్లు, లెన్సులు, అపర్చర్ ప్లేట్లు, స్లైడులు, ఫిల్ములు ఈ అమ్మకంలో చేరవు. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 30 రోజుల్లో అమ్మినవారు వాటిని తరలించుకుంటారు, అంతవరకు కొన్నవారు కేబిన్‌కు, ఆఫీసు గదికి తాళం తీయరు.’ రాయించేటప్పుడు కేబిన్ అన్న మాట విడిగా ఉండేలా చూసుకోండి. యంత్రసామగ్రి అని మాత్రమే రాస్తే అది ఫ్యాన్లతో, జనరేటరుతో కలిపి కొన్నవాళ్లకే పోతుంది.

ఇట్లు,
రెండు రాష్ట్రాల చిన్న పట్టణాల హాళ్లలో పనిచేసిన ఆపరేటర్లు, బుకింగ్ గుమాస్తాలు, రిప్రజెంటేటివ్‌లు